మినీట్యాబ్ సిక్స్‌ప్యాక్ రివ్యూ: ఆరు బొమ్మలూ చూశాకే సీపీకే

స్టాటిస్టిక్స్ సాఫ్ట్‌వేర్ మినీట్యాబ్ తెరిచి స్టాట్ మెనూలో క్వాలిటీ టూల్స్, అందులో కేపబిలిటీ సిక్స్‌ప్యాక్, అందులో నార్మల్. కొలతలున్న కాలమ్ పేరు, సబ్‌గ్రూప్ (ఒకేసారి తీసిన పీసుల గుంపు) సైజు, స్పెక్ హద్దులు (డ్రాయింగ్ ఒప్పుకునే కనిష్ఠ, గరిష్ఠ కొలతలు) రెండూ ఇచ్చి ఓకే నొక్కితే ఒకే పేజీలో ఆరు బొమ్మలు వచ్చేస్తాయి. బాలానగర్, చర్లపల్లి మెషిన్ షాపులైనా, శ్రీసిటీ, పెనుకొండ వైపు ఆటో విడిభాగాల యూనిట్లైనా, కస్టమర్‌కి వెళ్ళే పీపాప్ (కొత్త పార్ట్‌కి ఆమోదం అడిగే పత్రాలు) ఫైల్లో తరచూ కనబడే కాగితం ఇది. ఆ కాగితం మీద కింద కుడి మూలన సీపీకే (కొలతలు స్పెక్ హద్దుల్లో ఎంత నిబ్బరంగా ఇముడుతున్నాయో చెప్పే సూచిక) అంకె చుట్టూ పెన్నుతో ఒక సున్నా చుట్టి ఉంటుంది. మిగతా పేజీని ఎవరైనా చూశారన్న గుర్తు మాత్రం ఉండదు.

సీపీకే ఒక్కటే కావాలంటే దీనికి డబ్బు పెట్టక్కర్లేదు, నోట్‌బుక్కూ క్యాలిక్యులేటరూ చాలు. మినీట్యాబ్‌కి ఏటా కట్టే సబ్‌స్క్రిప్షన్‌కి విలువ వచ్చేది ఆ బొమ్మల వల్లే. 1972లో అమెరికాలోని పెన్ స్టేట్ యూనివర్సిటీలో స్టాటిస్టిక్స్ పాఠం చెప్పడానికి పుట్టిన సాఫ్ట్‌వేర్ ఇది. ఆ మాస్టారి లక్షణం ఇప్పటికీ పోలేదు: డైలాగ్ బాక్సులు సాదాగా, ఓపిగ్గా ఉంటాయి. కానీ అడిగినదానికే జవాబిస్తుంది, అడగకూడనిది అడిగినా జవాబిస్తుంది. ప్రాసెస్ అదుపులో లేకపోయినా సీపీకే ప్రింట్ చేస్తుంది. ఈ రివ్యూలో ఎక్కువ భాగం ఆ సంగతే.

డేటా పెట్టే దగ్గరే సగం తప్పులు

సాఫ్ట్‌వేర్‌ని చూడటానికి ఒక లెక్క తీసుకుందాం. సీఎన్‌సీ లేత్ మీద 20 మిల్లీమీటర్ల షాఫ్ట్, టాలరెన్స్ గ్రేడ్ h7 (చిన్న హెచ్). అంటే 19.979 నుంచి 20.000 దాకా, మొత్తం టాలరెన్స్ 21 మైక్రాన్లు. అరగంటకోసారి వరసగా వచ్చే 5 పీసులు తీసి కొలవాలి. అలా 25 సార్లు తీస్తే 125 కొలతలు. పీపాప్ అడిగే కనీసం 25 సబ్‌గ్రూపులు, 100 కొలతలు దీంతో దాటిపోతాయి.

మైక్రోమీటర్ లీస్ట్ కౌంట్ (చూపగలిగే అతి చిన్న కొలత) 0.001 మిల్లీమీటర్ ఉండాలి. షాపులో ఉండే 0.01 మైక్రోమీటర్‌తో ఈ పని మొదలుపెట్టకండి. టాలరెన్స్ మొత్తం 21 మైక్రాన్లయితే దాని ఒక్కో గీత 10 మైక్రాన్లు! పీసు లేత్ నుంచి దిగగానే వేడి మీద కొలవకూడదు. ఉక్కు మీటరుకి ఒక్కో డిగ్రీకి సుమారు 11.5 మైక్రాన్లు పెరుగుతుంది. 20 మిల్లీమీటర్ల వ్యాసం మీద 10 డిగ్రీల వేడి తేడా అంటే 2.3 మైక్రాన్లు, అంటే టాలరెన్స్‌లో పదో వంతు పైనే. మే నెలలో రేకుల షెడ్డు కింద ఇంకా చెప్పనక్కర్లేదు. పీసూ, సెట్టింగ్ మాస్టరూ ఒకే బల్ల మీద ఒకే వేడికి వచ్చేదాకా ఆగి కొలిస్తే ఆ తేడా చాలావరకు పోతుంది.

కొలతలన్నీ ఒకే కాలమ్‌లో, తీసిన వరసలోనే ఉండాలి. సబ్‌గ్రూప్ సైజు 5 అని ఇస్తే మొదటి 5 వరసలు మొదటి గ్రూపు, తర్వాతి 5 రెండోది. అడ్డంగా 5 కాలమ్స్‌లో ఉంటే 'సబ్‌గ్రూప్స్ ఎక్రాస్ రోస్' ఎంచుకోవాలి. మధ్యలో ఒక్క వరస ఎగిరిపోతే అక్కడి నుంచి కింది గ్రూపులన్నీ ఒకటి చొప్పున జరిగిపోతాయి, సాఫ్ట్‌వేర్ కిమ్మనదు. ఎక్సెల్ నుంచి అతికించినప్పుడు ఒక్క సెల్‌లో అక్షరం పడినా మొత్తం కాలమ్ టెక్స్ట్‌గా మారిపోతుంది. కాలమ్ నంబరు పక్కన 'టీ' వచ్చి చేరిందంటే అదే, ఇక ఆ కాలమ్ డైలాగ్ బాక్స్ లిస్టులో కనబడదు.

అన్నిటికంటే పెద్ద ప్రమాదం సార్టింగ్. ఎక్సెల్‌లో ఎవరో కొలతల్ని చిన్న నుంచి పెద్దకి పేర్చి ఇచ్చారనుకోండి. ఒక్కో సబ్‌గ్రూప్‌లో పక్కపక్క అంకెలే పడతాయి, రేంజ్ (గ్రూపులో పెద్ద, చిన్న కొలతల తేడా) దాదాపు సున్నా అవుతుంది, సీపీకే 6, 7 అని ఎగిరిపోతుంది. గ్రూపు సగటులు చూపే ఎక్స్‌బార్ చార్ట్ మాత్రం గుడి మెట్లలా పైకి ఎక్కుతూ ఉంటుంది. దాని జోడు సూచిక పీపీకే ఒక్కటే కదలదు, ఎందుకంటే అది గ్రూపుల లోపలి తేడాతో కాక మొత్తం కొలతల చెదురుతో వేసేది, దాని లెక్కలో వరసకి చోటు లేదు. సప్లయర్ నుంచి వచ్చిన కాగితంలో సీపీకే, పీపీకేల మధ్య నమ్మలేనంత ఎడం కనబడితే ముందు ఎక్స్‌బార్ చార్ట్ ఆకారం చూడండి.

పేజీ చదివే వరస

పేజీకి ఎడమ వైపు పైన ఎక్స్‌బార్ చార్ట్, దాని కింద గ్రూపుల రేంజ్‌లు చూపే ఆర్ చార్ట్, దాని కింద చివరి 25 సబ్‌గ్రూపుల చుక్కలు. కుడి వైపు పైన హిస్టోగ్రామ్, మధ్యలో నార్మల్ ప్రాబబిలిటీ ప్లాట్ (డేటా గంట ఆకారానికి, అంటే నార్మల్‌కి, సరిపోతే చుక్కలు గీత మీద పడే బొమ్మ), అడుగున కేపబిలిటీ ప్లాట్, పక్కనే అంకెలు. కన్ను సహజంగా హిస్టోగ్రామ్ మీదికి పోతుంది, గంట ఆకారం అందంగా ఉంటుంది కదా. మొదలుపెట్టాల్సింది మాత్రం ఆర్ చార్ట్‌తో. ఎక్స్‌బార్ చార్ట్ హద్దులు (స్పెక్ హద్దులు కావు, డేటా నుంచే లెక్కగట్టే కంట్రోల్ హద్దులు) రేంజ్‌ల మీదే ఆధారపడతాయి. రేంజ్ అదుపులో లేకపోతే పైనున్న హద్దులకి అర్థం లేదు.

మన షాఫ్ట్ లెక్కలో రేంజ్‌ల సగటు 5.8 మైక్రాన్లు అనుకుందాం. 5 పీసుల గ్రూపుకి ఆర్ చార్ట్ పై హద్దు 2.114 × 5.8, అంటే సుమారు 12.3 (2.114 లాంటి గుణకాలు గ్రూపు సైజుని బట్టి పట్టికల్లో ఉంటాయి). ఒక్క చుక్క దాటినా ఆ అరగంటలో ఏమైందో లాగ్ బుక్ చూడాలి: ఇన్సర్ట్ అంచు చిట్లిందా, చక్ దవడల్లో చిప్ ఇరుక్కుందా, కొలిచే మనిషి మారాడా. ఇక్కడే ఇంకో సంగతి బయటపడుతుంది. ఆర్ చార్ట్ మీద చుక్కలన్నీ రెండు మూడు ఎత్తుల్లోనే, అంతస్తులు అంతస్తులుగా ఉంటే మైక్రోమీటర్ ముతకదని అర్థం. అలాంటి డేటాతో ప్రాబబిలిటీ ప్లాట్ కూడా మెట్లు మెట్లుగా వస్తుంది, పి-వాల్యూ (డేటా నార్మల్ అనుకోవచ్చా అన్నదానికి వాడే అంకె, 0.05 కంటే తగ్గితే అనుమానిస్తారు) 0.005 కంటే తక్కువ అని చూపిస్తుంది. చాలామంది అది చూసి 'డేటా నార్మల్ కాదు' అనుకుని ట్రాన్స్‌ఫర్మేషన్ (అంకెల్ని లెక్కతో మార్చి గంట ఆకారానికి తేవడం) వెంట పడతారు. జబ్బు గేజ్‌ది, మందు డేటాకి వేస్తే ఏం లాభం?

ఇప్పుడు ఎక్స్‌బార్. సగటు 19.9915, హద్దులు దానికి అటూ ఇటూ 0.577 × 5.8, అంటే 3.35 మైక్రాన్లు. లేత్ మీద బయటి వ్యాసం తిప్పుతున్నప్పుడు ఇన్సర్ట్ అరిగేకొద్దీ పీసు లావెక్కుతుంది. గంటకి 40 పీసులు, 200 పీసులకి 8 మైక్రాన్ల అరుగుదల, అప్పుడు ఆపరేటర్ ఒక్కసారిగా ఆఫ్‌సెట్ దించుతాడు అనుకుంటే చార్ట్ మీద రంపం పళ్ళు కనబడతాయి: 19.9875 దగ్గర మొదలై పది చుక్కలు ఎక్కుతూ 19.9955 దాకా పోయి, మళ్ళీ కిందికి పడుతుంది. పంటి మొదట్లోవి, చివర్లోవి హద్దు దాటి ఎర్రగా మారతాయి, పక్కన 1 అని పడుతుంది. ఆ 1 చుక్కల లెక్కకి సంబంధించింది కాదు, మూడు సిగ్మాలు (సిగ్మా అంటే సగటు చుట్టూ చెదురుకి కొలత) దాటడమన్న మొదటి పరీక్షలో తప్పిందని. మామూలుగా సిక్స్‌ప్యాక్ చేసేది ఆ ఒక్క పరీక్షే. వరసగా ఎక్కడం, మధ్య గీతకి అతుక్కోవడం లాంటివి పట్టుకోవాలంటే టెస్ట్స్ బటన్ నొక్కి మిగతావి మీరే టిక్ పెట్టాలి. ఇది నిజంగా ఒక లోపం. కొత్తవాళ్ళు ఎర్ర చుక్క లేకపోతే అంతా బాగుందనుకుంటారు.

చివరి 25 సబ్‌గ్రూపుల బొమ్మని చాలామంది దాటేస్తారు కానీ రంపం ఆకారం నిజానికి అక్కడే బాగా తెలుస్తుంది, ఒక్కో పీసూ ఒక్కో చుక్కగా ఉంటుంది కాబట్టి.

హిస్టోగ్రామ్, ప్రాబబిలిటీ ప్లాట్ రెండింటికీ ఒకే బలహీనత: పేకముక్కలు కలిపినట్టు డేటాని ఎలా కలిపినా అవి మారవు. అందువల్ల వీటిలో అంతా నార్మల్‌గా కనబడటానికీ ప్రాసెస్ స్థిరంగా ఉండటానికీ సంబంధం లేదు. వీటికి పనికొచ్చే ప్రశ్నలు వేరే ఉన్నాయి. హిస్టోగ్రామ్‌కి రెండు కొండలుంటే రెండు మెషిన్ల పీసులో, రెండు బ్యాచ్‌ల రాడ్డో కలిసిపోయాయి. స్పెక్ హద్దు దగ్గర కత్తితో కోసినట్టు ఆగిపోతే ఇన్‌స్పెక్షన్‌లో చెడ్డవి ఏరేసి మిగిలినవాటితో స్టడీ చేశారు. హద్దుకి లోపలి వైపు కుప్పగా, బయట ఖాళీగా ఉంటే కొలిచినవాడు రిజెక్ట్ రాయడానికి మొహమాటపడ్డాడు. ప్రాబబిలిటీ ప్లాట్‌లో పి-వాల్యూ 0.05 దాటిందా లేదా అన్నది ఒక్కటే చూడకండి. కొలతలు వెయ్యి దాటితే లెక్కలోకి రాని చిన్న వంకరకి కూడా పి-వాల్యూ పడిపోతుంది, 20 కొలతలైతే పెద్ద వంకర ఉన్నా దాటేస్తుంది. లావు పెన్సిల్ ఒకటి గీత మీద అడ్డంగా పెట్టండి, చుక్కలన్నీ దాని కింద దాగితే చాలు. బయటికొచ్చినవి రెండు చివర్లలో ఉంటే మాత్రం వదలొద్దు, రిజెక్షన్ వచ్చేది ఆ చివర్ల నుంచే.

ఇక అంకెలు. 5.8ని 2.326తో భాగిస్తే వితిన్ సిగ్మా (గ్రూపుల లోపలి చెదురు) 2.5 మైక్రాన్లు. టాలరెన్స్‌ని ఆరు సిగ్మాలతో భాగిస్తే సీపీ 1.40, ఇది సగటు ఎక్కడుందో పట్టించుకోదు. సగటు పై హద్దుకి 8.5 మైక్రాన్ల దూరంలోనే ఉంది కాబట్టి సీపీకే 1.13. 125 కొలతల మొత్తం (ఓవరాల్) సిగ్మా 3.4, దాంతో అవే లెక్కలు వేస్తే పీపీ 1.03, పీపీకే 0.83. కేపబిలిటీ ప్లాట్‌లో ఇది మూడు అడ్డ గీతలుగా కనబడుతుంది: వితిన్ గీత స్పెక్ గీత కంటే పొట్టిగా ఉన్నా కుడికి జరిగి ఉంటుంది, ఓవరాల్ గీత దాదాపు స్పెక్ అంత పొడవై కుడివైపు బయటికి పొడుచుకొస్తుంది. నార్మల్ అనుకుంటే వెయ్యి పీసుల్లో ఆరు పై హద్దు దాటుతున్నాయి. సీపీ 1.40 చూసి సంతోషించినవాడికి ఆ ఆరూ ఎక్కడి నుంచి వస్తున్నాయో అర్థం కాదు.

ఇక్కడ ఒక చిక్కు. చేతితో వేసిన 1.13 మినీట్యాబ్‌లో కాస్త అటూ ఇటూగా వస్తుంది. కారణం తప్పు లెక్క కాదు. సబ్‌గ్రూప్ సైజు ఒకటి కంటే ఎక్కువైతే మినీట్యాబ్ మామూలుగా పూల్డ్ స్టాండర్డ్ డీవియేషన్ (గ్రూపుల వేరియన్స్‌లన్నీ కలిపి తీసే సిగ్మా) వాడుతుంది. కస్టమర్ ఎక్సెల్ షీట్‌లో ఆర్‌బార్ (రేంజ్‌ల సగటుతో వేసే) పద్ధతి ఉంటే ఎస్టిమేట్ బటన్‌లోకి పోయి ఆర్‌బార్ ఎంచుకోండి, రెండూ కలుస్తాయి. ఈ చిన్న సంగతి తెలియక మూడో దశాంశం మీద మెయిళ్ళు అటూ ఇటూ తిరుగుతుంటాయి.

ఎక్కడ మోసపోతాం

నాలుగు క్యావిటీల (పీసు తయారయ్యే గుంటల) మోల్డ్ ఉంది. ఒక్కో షాట్‌కి నాలుగు పీసులు, క్యావిటీకి ఒకటి. ఆ నాలుగింటినీ ఒక సబ్‌గ్రూప్‌గా పెట్టడం అందరికీ సులువుగా తోచే పని. క్యావిటీలు ఒకదానికొకటి 20 మైక్రాన్లు తేడాగా ఉంటే ఆ తేడా అంతా గ్రూపు లోపలికే చేరుతుంది. ఎక్స్‌బార్ హద్దులు విశాలమైపోయి చుక్కలన్నీ మధ్య గీతకి అతుక్కుని నిద్రపోతాయి. ఒక్క ఎర్ర చుక్క ఉండదు. సీపీకే కంటే పీపీకే కాస్త ఎక్కువ వచ్చినా ఆశ్చర్యపోకండి, అదే గుర్తు. వరసగా 15 చుక్కలు ఒక సిగ్మా లోపలే ఉండటాన్ని పట్టే ఏడో పరీక్ష టిక్ పెడితే దొరుకుతుంది. మందు మాత్రం క్యావిటీకో కాలమ్, క్యావిటీకో సిక్స్‌ప్యాక్. అప్పుడు మూడు క్యావిటీలు బాగానే ఉండి ఒక్కటే పక్కకి జరిగి ఉండటం కూడా బయటపడవచ్చు, కోర్ పిన్ సరిచేస్తే పోయే సంగతి.

ఫార్మా వాళ్ళకి దీని జోడు రోటరీ టాబ్లెట్ ప్రెస్. డబుల్ రోటరీలో ఎడమ వైపు, కుడి వైపు వేర్వేరుగా టాబ్లెట్లు దిగుతాయి. రెండింటినీ ఒకే డబ్బాలో కలిపి 20 టాబ్లెట్ల బరువు తీస్తే హిస్టోగ్రామ్‌కి రెండు కొండలొస్తాయి, ఫీడ్ ఫ్రేమ్ సర్దాల్సింది ఒక వైపే అన్నది కనబడదు. జీడిమెట్ల, పాశమైలారం లాంటి చోట్ల 2011 నాటి అమెరికా ఎఫ్‌డీఏ ప్రాసెస్ వాలిడేషన్ గైడెన్స్ ప్రకారం కంటిన్యూడ్ ప్రాసెస్ వెరిఫికేషన్ (ప్రాసెస్ అదుపులోనే ఉందని ఉత్పత్తి సాగినంత కాలం చూస్తూ ఉండటం) చేసే వాళ్ళకి ఇంకో ఇబ్బంది: ఎస్సే (మందులో అసలు పదార్థం ఎంతుందన్న) విలువ బ్యాచ్‌కి ఒక్కటే. అప్పుడు సబ్‌గ్రూప్ సైజు 1 అని ఇవ్వాలి. పైన రెండు చార్టులూ ఇండివిడ్యువల్, మూవింగ్ రేంజ్‌గా మారిపోతాయి. వితిన్ సిగ్మా పక్కపక్క బ్యాచ్‌ల తేడాని 1.128తో భాగించి వస్తుంది. 12 బ్యాచ్‌లతో వచ్చిన పీపీకేని రెండో దశాంశం దాకా నమ్మే పని పెట్టుకోవద్దు.

ఇదే మాట షాఫ్ట్‌కీ వర్తిస్తుంది. 30 పీసులతో సీపీకే 1.33 వచ్చిందంటే, 95 శాతం నమ్మకంతో అసలు విలువ 0.97 నుంచి 1.69 దాకా ఎక్కడైనా ఉండొచ్చు. 125 పీసులైతే 1.15 నుంచి 1.51. పీపాప్‌లో ఈ సూచిక 1.67 దాటితే సరే, 1.33 కంటే తక్కువైతే కుదరదు, మధ్యలో ఉంటే కస్టమర్‌తో మాట్లాడుకోవాలి. 30 పీసుల స్టడీకి ఆ మూడు గదుల్లో తానెక్కడుందో నిజంగా తెలియదు. సిక్స్‌ప్యాక్ పేజీ ఈ హద్దుల్ని చూపించదు. పక్కనే ఉన్న కేపబిలిటీ ఎనాలిసిస్‌లో ఆప్షన్స్‌లోకి పోయి కాన్ఫిడెన్స్ ఇంటర్వల్ టిక్ పెట్టాలి. ఇంత అవసరమైనది అంత లోపల దాచడం ఎందుకో!

రనౌట్ (తిరిగేటప్పుడు ఊగు), ఫ్లాట్‌నెస్ (చదును) లాంటివి సున్నా కంటే తగ్గవు, హిస్టోగ్రామ్ కుడివైపు తోక పెట్టుకుని వస్తుంది. కింది హద్దు దగ్గర 0 అని టైప్ చేస్తే సాఫ్ట్‌వేర్ దాన్ని స్పెక్‌గానే తీసుకుని, సున్నా దగ్గరున్న మంచి పీసుల్ని కూడా చెడ్డవాటిలా చూసి సీపీకేని కిందికి లాగుతుంది. ఆ గడి ఖాళీగా వదలండి. తోక నిజమైనదైతే నాన్‌నార్మల్ సిక్స్‌ప్యాక్‌లో వైబుల్ డిస్ట్రిబ్యూషన్ ఎంచుకోవచ్చు, అక్కడ పీపీకే మాత్రమే వస్తుంది. బాక్స్-కాక్స్, జాన్సన్ ట్రాన్స్‌ఫర్మేషన్లు చేతిలో ఉన్నాయి కదా అని రంపం పళ్ళున్న డేటా మీద ప్రయోగించకండి. అరుగుదలని గంట ఆకారంలోకి మడిచి పెట్టినట్టవుతుంది, అరుగుదల ఎక్కడికీ పోదు.

బాగుచేయడానికి పనికొచ్చే బొమ్మ ఇందులో లేదు

సిక్స్‌ప్యాక్ రోగం చూపిస్తుంది, ఏ వైపు నడవాలో చెప్పదు. దానికి ఎక్సెల్‌లో పావుగంటలో గీసుకునే ఒక బొమ్మ ఉంది. స్వీడన్‌లోని లూలియో యూనివర్సిటీలో కెర్స్టిన్ వాన్‌మన్, అక్కడివాళ్ళు ప్రాసెస్ కేపబిలిటీ ప్లాట్ల మీద చాలా పని చేశారు. వాళ్ళ దారిలోనిదే ఇది. అడ్డంగా: సగటు టార్గెట్ నుంచి ఎంత జరిగిందో దాన్ని సగం టాలరెన్స్‌తో భాగించండి. నిలువుగా: సిగ్మాని సగం టాలరెన్స్‌తో భాగించండి. సూచిక 1.33 అంటే అడ్డంగా -1, +1 దగ్గర నేలని తాకి, మధ్యలో 0.25 ఎత్తున శిఖరం ఉన్న త్రిభుజం. చుక్క లోపలుంటే పాస్.

మన షాఫ్ట్‌కి సగం టాలరెన్స్ 10.5, టార్గెట్ 19.9895. సగటు 2 మైక్రాన్లు పైకి జరిగింది కాబట్టి అడ్డంగా 0.19, ఓవరాల్ సిగ్మా 3.4తో నిలువుగా 0.32. ఆ చోట త్రిభుజం ఎత్తు 0.20 మాత్రమే. చుక్క బయట ఉంది. దాన్ని ఎడమకి జరిపి మధ్యకి తెచ్చినా ఎత్తు 0.32 దగ్గరే ఉంటుంది, శిఖరం 0.25. అంటే ఆఫ్‌సెట్‌తో సెంటర్ చేయడం ఒక్కటే సరిపోదు, వెయ్యికి ఆరు రిజెక్షన్లు రెండు అవుతాయి, అంతే. చుక్క కిందికి కూడా దిగాలి. వితిన్ సిగ్మా 2.5తో చూస్తే ఎత్తు 0.24, శిఖరం కిందే. కాబట్టి మెషిన్ మంచిదే, కొత్త మెషిన్ కొటేషన్ అడగక్కర్లేదు. తగ్గించాల్సింది అరుగుదల వల్ల వచ్చే భాగాన్ని.

ఎంత తగ్గించాలో కూడా లెక్క వేయొచ్చు. 8 మైక్రాన్ల రంపం వల్ల వచ్చే సిగ్మా 8ని 12 వర్గమూలంతో భాగిస్తే 2.3. పంటిని 3 మైక్రాన్లకి కుదిస్తే అది 0.87కి పడుతుంది. దాన్ని వితిన్ 2.5తో వర్గాలుగా కలిపితే మొత్తం సుమారు 2.65, సెంటర్‌లో ఉంటే పీపీకే 1.33కి ఆనుకుని 1.32. 200 పీసులకి 8 మైక్రాన్లంటే 75 పీసులకి 3. అంటే రెండు గంటల లోపు, ప్రతి 75 పీసులకీ ఎక్స్ వేర్ ఆఫ్‌సెట్‌లో -0.003, సెట్ చేసినప్పుడు సగటు 19.988 దగ్గర మొదలయ్యేలా. ఆఫ్‌సెట్ వ్యాసం లెక్కలో ఉందా వ్యాసార్థం లెక్కలో ఉందా అన్నది కంట్రోలర్ సెట్టింగ్‌లో ముందే చూసుకోండి, లేకపోతే దిద్దుబాటు రెండింతలో సగమో అవుతుంది. ఇది విని ఉత్సాహంగా ప్రతి పీసుకీ కొలిచి ఆఫ్‌సెట్ కదిపే ఆపరేటర్లు కూడా ఉంటారు. స్థిరంగా ఉన్న ప్రాసెస్‌ని అలా ప్రతిసారీ వెనక్కి లాగితే వేరియన్స్ రెట్టింపై సిగ్మా 1.41 రెట్లవుతుంది, క్వాలిటీ గురువు డెమింగ్ గరాటు ప్రయోగం చూపించింది ఇదే.

వితిన్ 2.5ని కూడా తగ్గించాలనుకుంటే అదే క్వాలిటీ టూల్స్ మెనూలో మల్టీ-వారీ చార్ట్ ఉంది, మినీట్యాబ్‌లో ఇది సిక్స్‌ప్యాక్ కంటే నాకు ఎక్కువ నచ్చిన బొమ్మ. గంటకోసారి మూడు పీసులు, ఒక్కో పీసుకి చక్ వైపు ఒకటి, చివర ఒకటి కొలవండి. పీసు లోపలి తేడా, పీసుకీ పీసుకీ తేడా, గంటకీ గంటకీ తేడా విడివిడిగా గీతలుగా కనబడతాయి. పీసు గీత పొడుగ్గా ఉండి ఎప్పుడూ చివరి వైపే లావుగా ఉంటే, టెయిల్‌స్టాక్ (రెండో చివరని ఆనించి పట్టే భాగం) లేకుండా పట్టిన షాఫ్ట్ టూల్‌కి దూరంగా వంగుతోంది. టెయిల్‌స్టాక్ ఉన్నా అలాగే ఉంటే అది లైన్‌లో లేదు. ఈ రెండిటికీ ఆఫ్‌సెట్‌తో ఏ సంబంధమూ లేదు, సిక్స్‌ప్యాక్‌లో ఇవి జన్మలో కనబడవు.

కొనాలా వద్దా

ఆర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో లూకా స్క్రూకా రాసిన క్యూసీసీ ప్యాకేజీ ఉంది. రెండు మూడు వరుసల కోడ్‌తో ఎక్స్‌బార్ చార్ట్, కేపబిలిటీ హిస్టోగ్రామ్ వస్తాయి. అది మామూలుగా ఆర్‌బార్ పద్ధతే వాడుతుంది కాబట్టి చేతి లెక్కతో కలుస్తుంది, పైగా సూచికల పక్కనే కాన్ఫిడెన్స్ హద్దులు కూడా అడగకుండానే ఇస్తుంది. ఆరూ ఒకే పేజీలో కావాలంటే మీరే పేర్చుకోవాలి, కోడ్ అంటే భయం లేని మనిషి ఒకరు షాపులో ఉండాలి. ఎక్సెల్‌లో ప్రాబబిలిటీ ప్లాట్ కావాలంటే కొలతల్ని వేరే షీట్‌లో పేర్చి, ఒక్కో దానికీ (వరస నంబరు - 0.3) ÷ (మొత్తం + 0.4) వేసి, దానికి నార్మల్ ఇన్వర్స్ తీసి గీయండి, మినీట్యాబ్ గీసే దానికి దాదాపు అదే వస్తుంది. అసలు డేటా షీట్‌ని మాత్రం సార్ట్ చేయొద్దు.

నెలకి నాలుగైదు పీపాప్‌లు, కస్టమర్ మినీట్యాబ్ పేజీయే కావాలని పట్టుబట్టే షాపుకి ఒక లైసెన్స్ తీసుకోవడం మంచిదే. ఏడాదికి రెండు మూడు స్టడీలు చేసే చిన్న యూనిట్‌కి ఆర్, ఎక్సెల్ త్రిభుజం సరిపోతాయి. ఏది తీసుకున్నా ముందు ట్రయల్ వెర్షన్‌లో మీ సొంత డేటా ఒకటి తీసిన వరసలోనే పెట్టి ఆర్ చార్ట్ చూడండి. చుక్కలు మూడు అంతస్తుల్లోనే కూర్చుంటే ఆ డబ్బు సాఫ్ట్‌వేర్‌కి కాకుండా 0.001 మైక్రోమీటర్‌కి పెట్టాల్సి వస్తుంది.